కొత్త చోటు

దర్జీ దుకాణంలో కాజాలు కుట్టే ఆవిడ ఫోను, తన గదిలోనూ దుకాణంలోనూ ముట్టుకోగానే తెరుచుకుంటుంది. "ఈ రెండు చోట్లా కాక ఇంకెక్కడున్నా, నువ్వేనా అని వేలిముద్ర అడుగుతుంది పెద్దమ్మా," అని దర్జీ కూతురు ముందే చెప్పింది. ఇంకెక్కడికి వెళ్తుంది గనక? రెండేళ్లుగా అది ఏమీ అడగలేదు. దుకాణంలో ఆమెను అడిగేదల్లా కాజాలు అయ్యాయా అనే. గదిలో అడిగేవాళ్లే లేరు. మొన్న బస్సులో కునుకుపట్టి రెండు స్టాపులు అవతల దిగింది. ఆలస్యమవుతుందని చెబుదామని ఫోను తీస్తే, "కొత్త చోటు. ఇది మీరేనా?" అని కనిపించింది. సూదిపోట్లు పడ్డ బొటనవేలిని మొదటిసారి ఒప్పుకోలేదు. తుడుచుకుని మళ్లీ అద్దుతూ, "నేనేనమ్మా," అని పైకే అనేసింది.

ఆదివారం నున్నగా తల దువ్వుకుని బస్సెక్కింది. మొన్నటి చోట ఫోను మళ్లీ అడుగుతుందో లేదో. "ఎక్కడికమ్మా?" అన్నాడు కండక్టరు.

"చివరి స్టాపుకి," అంది.