మూడు చొక్కాలతో విమానయానం

మనిషి ఆకాశంలోని విమానంలోంచి పడిపోతే అది వార్త. విమానం నేల మీద ఉండగానే, కట్టుకున్న భార్య ఎదుట అందులోంచి దింపేస్తే దాన్ని ఏమంటారో నాకు ఇప్పటికీ తెలియదు. ఒమాన్ దేశంలో ఆ ఘనత నాకు దక్కింది. ఆ రోజు నేను నవ్వలేదు కనుక నా వాటా నవ్వు కూడా మీకే వదిలేస్తున్నాను.

అప్పటికి నేను మస్కట్‌లో ఒక కట్టడాల కంపెనీలో స్టోర్ చూసేవాణ్ణి. రిటైర్మెంట్ దగ్గరపడింది. వీసా కేన్సిలయ్యే లోపు మా ఆవిడ భాగ్యకు ఒకే కోరిక మిగిలింది, సలాలా చూడాలని. ఈ ఎడారి దేశంలో ఆ ఒక్క చోట వాన కురిసి కొండలు పచ్చబడతాయని విన్ననాటి నుంచి అడుగుతోంది. "వచ్చే ఏడు పోదాం" అని ఏటా అంటూ వచ్చాను. ఇక అలా అనడానికి వచ్చే ఏడే లేదు.

సరిగ్గా అప్పుడే మా అర్బాబ్, అంటే యజమాని, సలీం కబురుచేశాడు. ఆయనకు నాలుగు సీట్ల చిన్న విమానం ఉంది. తనే నడుపుతాడు.

"రాజా భాయ్, ఇన్నేళ్లు నా స్టోర్ కాపాడావు. ఇది నా కానుక. నువ్వు, మీ ఆవిడ, నేను, మా అమ్మ. ముందు దుక్మ్, అక్కడ ఒక రాత్రి. తర్వాత సలాలా. వానమబ్బులు విడిపోయాయి, పచ్చదనం ఇంకా పోలేదు. యల్లా, పోదామా?"

"యల్లా, అర్బాబ్!"

"అయితే మీ బరువులు చెప్పు. సంచులు ఇద్దరికీ కలిపి పదిహేను కిలోలే. చిన్న విమానం, మొహమాటం తెలియదు దానికి."

భాగ్య బరువు ఆమెనే అడిగి చెప్పాను. నాది అరవై ఎనిమిది అన్నాను. అది అబద్ధం కాదు. గల్ఫ్‌కు వచ్చేముందు మెడికల్‌లో డాక్టరు రాసిన అంకె. పుట్టుమచ్చల్లాగే బరువు కూడా మనిషికి ఒకసారి రాసిపెడితే చాలని నా నమ్మకం.

ఇక్కడ మనవాళ్ల ఆచారం ఒకటి చెప్పాలి. గల్ఫ్‌లో ఎవడైనా ఊరు కదులుతున్నాడంటే చాలు, తెలిసినవాళ్లందరికీ అతను మనిషిగా కాక ఖాళీ సంచిగా కనిపిస్తాడు. "ఏమంత బరువు లేదన్నా" అనే మాటతో పార్శిళ్లు రావడం మొదలవుతుంది. దుక్మ్ సైట్లలో పనిచేసే మా మండలం పిల్లలకు సకినాలు, మామిడి తొక్కు వచ్చాయి. సలాలాలో దుకాణాలు పెట్టుకున్నవాళ్లకు కారంపొడి వచ్చింది. ఒకాయన ఏకంగా ఇస్త్రీపెట్టె తెచ్చాడు. కాదంటే పాపం కదా, అన్నీ తీసుకున్నాను.

భాగ్య ఆ కుప్పను చూసి నడుం మీద చెయ్యి పెట్టింది. "గివన్నీ ఎట్ల వడ్తయ్? అర్బాబ్ పదిహేనే అన్నడు గద!"

"ఎన్నిసార్లు హైదరాబాద్ విమానం ఎక్కలేదు మనం? చూస్తూ ఉండు."

తూకం సంచికే గాని మనిషికి ఉండదు. గల్ఫ్ తెలుగువాడి విమానయానమంతా ఈ ఒక్క సూత్రం మీద నిలబడింది. నేను ఒకదాని మీద ఒకటి మూడు చొక్కాలు తొడిగి, పైన చలికోటు వేశాను. కోటు జేబుల్లో తొక్కు సీసాలు, పాంటు జేబుల్లో కారంపొడి. ఇస్త్రీపెట్టెను కడుపు మీద పెట్టి తువ్వాలుతో కట్టాను. సంచులు మాత్రం పదిహేను కిలోలు దాటకుండా అమాయకంగా నిలబడ్డాయి.

మస్కట్ ఎండలో నన్ను చూసి సలీం కళ్లు చిట్లించాడు. "కోటు ఎందుకు, రాజా భాయ్?"

"కొంచెం జ్వరం, అర్బాబ్."

ఆయన తల్లిని అందరూ ఉమ్మ్ సలీం అంటారు. హిందీ మాకంటే బాగా మాట్లాడుతుంది. నా నుదుటి మీద చెయ్యి వేసి, "జ్వరం లేదు గాని, పచ్చడి వాసన వస్తోంది" అంది.

విమానం రన్‌వే మీద చాలాదూరం పరుగెత్తింది. చెరువులోంచి లేవనని మొండికేసిన బర్రెలా ఆఖరికి ఎలాగో లేచింది. "ఈ రోజెందుకో దీనికి బద్ధకంగా ఉంది" అని సలీం గొణిగాడు. నేను కిటికీలోంచి ఎడారి అందాన్ని చూస్తున్నట్టు నటించాను.

దుక్మ్‌లో మల్లేష్ వచ్చి మమ్మల్ని కలిశాడు. వరసకు నాకు కొడుకవుతాడు, అక్కడ మేస్త్రీ. తెచ్చినవాటిలో అక్కడివి పంచేసి తేలికపడ్డాను. ఇల్లలకగానే పండగ కాదన్నట్టు, కోటు జేబులు ఖాళీ కాగానే ప్రయాణం సుఖం కాదు. ఆ రాత్రి మేమున్న పనివాళ్ల క్యాంపులో అందరికీ సలాలాలో ఎవరో ఒకరున్నారు.

"కాకా, మా బామ్మర్దికి గీ ఎండుచేపలు."

"కాకా, గీ మిక్సీ జార్లు. ఏమంత బరువుండయ్."

తెల్లారేసరికి దిగినప్పటికంటే లావుగా ఉన్నాను. మల్లేష్ పికప్‌లో మమ్మల్ని విమానం దగ్గర దింపాడు. అక్కడ సరుకులు తూచే పెద్ద కాటా పక్కన సలీం చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

"నిన్న విమానం ఎందుకు బద్ధకించిందో రాత్రంతా ఆలోచించాను. ఒక్కొక్కరూ ఎక్కండి."

ఉమ్మ్ సలీం దర్జాగా ఎక్కి దిగింది. భాగ్య ఎక్కింది, చెప్పిన అంకే వచ్చింది. నేను ఎక్కాను. తొంభై నాలుగు.

"రాజా భాయ్, రాత్రికి రాత్రి ఇరవై ఆరు కిలోలు తిన్నావా?"

"కాటా పాతదేమో, అర్బాబ్."

"కోటు విప్పు."

విప్పాను. జేబుల్లోని కారంపొడి పొట్లాలు కాటా పక్కన చేరాయి. చొక్కా విప్పితే ఎండుచేపలు. ఇంకో చొక్కా విప్పితే మిక్సీ జార్లు. తువ్వాలు విప్పితే ఇస్త్రీపెట్టె. మల్లేష్ పికప్ బానెట్ మీద తల పెట్టుకుని నవ్వుతున్నాడు. ఉమ్మ్ సలీం ఒక్కొక్కటీ చూసి సంతలో ఉన్నట్టు, "ఇదెంత?" అని అడుగుతోంది.

ఆఖరికి ఒంటిచొక్కాతో నిలబడ్డాను. ఇక నాలో నేను తప్ప ఏమీ లేదు. కాటా ఎనభై ఒకటి చూపించింది.

భాగ్య వంగి ఆ అంకెను మళ్లీ చూసింది. తర్వాత నెమ్మదిగా అంది. "అంటే సామాన్లదేం తప్పు లేదన్నట్టు."

సలీం తల ఊపాడు. "నువ్వు చెప్పిన బరువును బట్టే పెట్రోలు పోయించాను. ఇప్పుడది తగ్గిస్తే సలాలా కంటే ముందు సముద్రం వస్తుంది. ఈ ఎండలో ఈ బరువుతో లేపను. విమానంలో అబద్ధానికి కూడా బరువుంటుంది, రాజా భాయ్. ఒకరు ఆగాలి."

ఆ ఒకరు ఎవరో చెప్పనక్కర్లేదు. కాని భర్తను ఎడారిలో వదిలి భార్య షికారుకు పోవడం మా వైపు వినలేదు. నేను గంభీరంగా, "పోనీలే భాగ్యా, మనిద్దరం ఆగిపోదాం" అన్నాను.

"మనిద్దరమా?" అంది. "నేనేం జేసిన?"

పైట సర్దుకుంది. ఉమ్మ్ సలీం చెయ్యి అందిస్తే విమానం ఎక్కి కూర్చుని బెల్టు పెట్టుకుంది. నేను లేకపోయేసరికి విమానంలో బోలెడు చోటు మిగిలింది. "ఇప్పుడివి తూచిన సరుకులు" అంటూ సలీం కారంపొడి, ఎండుచేపలు, జార్లు, ఇస్త్రీపెట్టె అన్నీ నా సీట్లోనే సర్దించాడు. ఈసారి విమానం పిచ్చుకలా ఎగిరింది.

వాళ్లు తిరిగొచ్చేదాకా క్యాంపులో ఉన్నాను. దుక్మ్‌లో చూడదగ్గవి గాలి, దుమ్ము. రెండింటినీ కలిపి చూశాను. ఆ రోజుల డైరీలో "విశ్రాంతి" అని రాసుకున్నాను.

విమానం దిగింది. భాగ్య ముఖం కడిగిన ఆకులా మెరుస్తోంది.

"ఎట్లున్నది సలాలా?" అని అడిగాను.

"మీరు లేకున్నా పచ్చగనే ఉన్నది."

సరే అని నా సీటు వైపు నడిచాను. అందులో పెద్ద అరటిగెల బెల్టు పెట్టుకుని కూర్చుని ఉంది. దాని కాళ్ల దగ్గర కొబ్బరికాయలు.

"అర్బాబ్, ఇది?"

సలీం తల్లి వైపు చూశాడు. ఉమ్మ్ సలీం నిబ్బరంగా అంది. "మస్కట్‌లో చుట్టాలందరికీ మాటిచ్చాను, కాదంటే పాపం. అన్నీ తూచాం, లెక్క సరిపోయింది. నీకు బస్సుంది కదా, బాబూ."

నేను భాగ్య వైపు చూశాను. భాగ్య అరటిగెల బెల్టు సరిచేస్తోంది.

ఆ సాయంత్రం మస్కట్ బస్సు కిటికీ పక్కన కూర్చుని, డ్రైవరు సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను. ఇక మీదట నా బరువు అడిగినవాడికి కాటా ఎక్కి దిగాకే జవాబు చెబుతాను. ఒంటి మీద ఒక్క చొక్కాకు మించి వేయను. అన్నిటికంటే ముఖ్యం, ఈ జన్మలో మళ్లీ ఎప్పుడూ, మా ఆవిడ న్యాయం చెప్పే చోట, అరటిగెలతో సీటుకు పోటీపడను.