మెహరున్నిసా ఆపా విప్పిన ఫోర్కు

మెహరున్నిసా ఆపాకు ఉన్నది ఒకే ఒక్క జబ్బు. మూసి ఉన్న వస్తువు ఏది కంటపడినా, విప్పి లోపల ఏముందో చూసేదాకా ఆమెకు అన్నం సయించదు. పాడైతేనే విప్పాలన్న నియమమేమీ లేదు. బాగా నడుస్తున్న వస్తువు మీదే ఆమెకు అనుమానం ఎక్కువ. గింత మంచిగ నడుస్తుందంటే లోపల ఏందో ఉన్నట్టే అనేది.

వనపర్తిలో ఆమె ఆడవాళ్ల బట్టలు కుడుతుంది. దారపు ఉండలు ఉండాల్సిన బిస్కెట్ల డబ్బా నిండా పానాలూ స్క్రూడ్రైవర్లే. ఆమె వస్తోందని తెలిస్తే ఎదురింటి కాంతమ్మ మిక్సీ మీద దుప్పటి కప్పి దానికి అడ్డంగా కూర్చునేది. ఆపా భర్త అబ్దుల్ మజీద్ కొత్త చేతిగడియారం కొని బియ్యం డబ్బాలో దాచుకున్నాడు. టైం తెలియాలంటే మోచేతి దాకా బియ్యంలో చెయ్యి పెట్టి దేవుకునేవాడు. ఒక రోజు అన్నానికి బియ్యం తీస్తూ ఆపా దాన్ని పట్టేసింది. ఆ పూట ఇంట్లో అన్నమూ లేదు, గడియారమూ లేదు.

అలాంటి ఇంటి పై వాటాలో అద్దెకు దిగినవాడు జోసెఫ్. వీపనగండ్ల బడిలో పీఈటీ సారు. అతనికి లోకంలో రెండే ప్రాణాలు. ఒకటి భార్య నిరోష, రెండు మౌంటెన్ సైకిల్. దాని ముందు చక్రానికి రెండు పక్కలా షాకులున్నాయి. ఫోర్కు అంటారు. గుంతలో పడ్డప్పుడల్లా అది కుంగి లేచి, దెబ్బ చేతులకు తగలకుండా చూస్తుంది. ఆపా ఆ ఫోర్కును మిఠాయి కొట్టు ముందు నిలబడ్డ చిన్నపిల్లలా చూసేది. ఆ చూపు తెలిసిన జోసెఫ్ రాత్రిపూట సైకిల్‌ను మంచంకోడుకు గొలుసేసి కట్టుకుని పడుకునేవాడు. ఫోర్కుకు సర్వీసు చేయించాలంటే హైదరాబాదు పోవాలి. ఇంట్లోనే చేసుకుందామని నూనె కారకుండా ఆపే కొత్త రబ్బరు సీళ్లూ, స్పాంజి రింగులూ, నూనె సీసా తెప్పించాడు గానీ, విప్పే ధైర్యం చాలక అటకెక్కించాడు.

ఆ మే నెలలో నిరోషకు తొలికాన్పు. లింగాల నుంచి తల్లి సత్యమ్మ వచ్చి ఆమెను నాగర్‌కర్నూల్ దవాఖానలో చేర్పించింది. బడికి సెలవులు కావడంతో జోసెఫ్ కూడా వెళ్లాడు. వరండాలో అతను అటూ ఇటూ తిరిగిన తిరుగుడుకు బెంచీ మీద కూర్చున్నవాళ్లకు కళ్లు తిరిగాయి. ఇంకెంతసేపని అడిగి అడిగి, నర్సు అతన్ని చూస్తే దారి మార్చుకునేట్టు చేశాడు. ఆఖరికి సత్యమ్మే అతన్ని బస్సెక్కించి, కబురు చేసేదాకా ఈ గడప తొక్కొద్దంది.

ఇల్లు చేరినా కాలు నిలవలేదు. నిద్ర లేదు. మెట్లు ఎక్కడం, దిగడం, నిండిన ఫోనుకే మళ్లీ చార్జింగు పెట్టడం. ఒకనాడు పొద్దున్నే నిరోషకు ఫోన్ చేసి, సైకిల్ మీద వచ్చేస్తున్నానని చెప్పి పెట్టేశాడు. బస్సుంది కదా అని మజీద్ అంటే, బస్సులో కూర్చోవాలి కదా అన్నాడు. అతని కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఎండ అప్పుడే చురచురలాడుతోంది.

అతను సైకిల్ దించేసరికి, ఆపా ఎవరితోనో ఫోన్ మాట్లాడడం ముగించి వాకిట్లోకి వచ్చింది. హ్యాండిల్ పట్టుకుని కిందికి నొక్కింది. ఫోర్కు కిర్రుమంది.

"గిది ఎక్కి గంత దూరం పోతే నడుమ రోడ్డు మీద పడ్తవ్ బేటా. జర విప్పి చూస్త. పది నిమిషాల పని."

మామూలు రోజైతే జోసెఫ్ సైకిల్‌ను భుజాన వేసుకుని పరుగెత్తేవాడే. నిద్రలేని బుర్ర కావడంతో, అటక మీది సీళ్లూ సీసా కూడా తనే తెచ్చి ఇచ్చాడు.

ఫోర్కు విప్పడం ఆపాకు అదే మొదటిసారి. సైకిల్‌ను లోపలికి తోయించి, ఫోనులో వీడియో పెట్టి కుట్టుమిషనుకు ఆనించింది. ముందు ఫోర్కులో గాలి తీయాలన్నాడు వీడియోలో మనిషి. పైమూత తీసి వాల్వు మొన నొక్కితే బుస్సుమన్న చప్పుడుకు, పాము వచ్చిందనుకుని మజీద్ మంచమెక్కాడు. తర్వాత చక్రం తీసి, కింది బోల్టులు వదులు చేసి, గుడ్డ చుట్టిన రోకలితో తట్టారు. కింది గొట్టాలు కదల్లేదు. ఆపా హ్యాండిల్ పట్టుకుని, జోసెఫ్ గొట్టాలు పట్టుకుని గుంజారు. అవి ఒక్కసారిగా ఊడొచ్చి ఇద్దరూ చెరో గోడకు కరుచుకున్నారు. ఎగిరిన నల్లనూనె మంచం మీద నిలబడ్డ మజీద్ తెల్లలాల్చీ మీద పడింది.

లోపల రెండేళ్ల పాలమూరు మట్టి నూనెలో నాని తొక్కు పచ్చడిలా తయారైంది. ఆపా ముఖం వెలిగిపోయింది. పాత సీళ్లు గరిటె కాడతో పెకిలించింది. కొత్తవాటిని స్టీలు గ్లాసు బోర్లించి, దాని మీద కొట్టి దించింది. మధ్యమధ్య జోసెఫ్ లేచి, బస్సుకైనా పోతాననేవాడు. వెంటనే అతని చేతిలోకి ఏదో ఒకటి వచ్చేది. గొట్టం పట్టుకో, వదిలితే నూనె కారుతది. గీ స్పాంజి నూనెలో నాననీయి, జర చూస్తుండు. చేతులకున్న నూనె కడుక్కుని వచ్చేసరికి ఇంకో పని తయారు.

మధ్యాహ్నానికి అంతా కుదిరింది గానీ, కింది బోల్టుకు వేసే చిన్న వాషర్ కనబడలేదు. అది లేకుండా బిగిస్తే నూనె మొత్తం కారిపోతుందట. జోసెఫ్ మంచం కింద దూరాడు. మజీద్ అలవాటు కొద్దీ బియ్యం డబ్బాలో వెతికాడు. పక్కింటి సాయన్న వచ్చి, ఈ సంబరం చూస్తూ గడపలో కూర్చున్నాడు.

"నా టేబుల్ ఫ్యాన్ విప్పినప్పుడు గూడ గిట్లనే. వారం పట్టింది. గప్పుడు మా పెద్దోడు దవాఖానల ఉండె. రోజూ ఫ్యాన్ కోసమొచ్చి వీళ్లింట్లనే అన్నం తింటుంటి."

మంచం కింద ఉన్న జోసెఫ్ అది సగమే విన్నాడు. వెతుకుతూ వెతుకుతూ ఆ చల్లటి గచ్చు మీదే నిద్రపోయాడు. ఆపా అందరికీ వేలు చూపించి, చప్పుడు చేయొద్దంది.

సాయంత్రం సత్యమ్మ ఫోన్ చేసింది. ఆడపిల్ల. తల్లీబిడ్డా క్షేమం. జోసెఫ్ లేవబోయి మంచంపట్టెకు తల కొట్టుకుని, నవ్వుతూ బయటికొచ్చాడు. ఆపా అప్పటికే చెప్పులేసుకుని, సంచీ సర్దుకుని సిద్ధంగా ఉంది. చున్నీ ముడి విప్పి, అందులోంచి వాషర్ తీసి మిషను మీద పెట్టింది. అది అక్కడికెలా వచ్చిందని అడిగే తీరిక జోసెఫ్‌కు లేదు.

దవాఖానలో పిల్లను చేతికి తీసుకున్నాక గానీ అతని కాలు ఒకచోట నిలవలేదు. నిరోష అతని ముఖం చూసి, నిద్రపోయినట్టున్నవే అంది.

"పొద్దుగాల నేనే ఆపాకు ఫోన్ చేసిన. నిద్రలేని మనిషి ఎండల సైకిల్ ఎక్కుతనంటుండు, ఎట్లనన్న ఆపమన్న. షాకులు విప్తదని నాకేం తెల్సు."

జోసెఫ్‌కు చున్నీ ముడి గుర్తొచ్చింది. మంచం కింద సగం విన్న సాయన్న మాట ఇప్పుడు పూర్తిగా వినిపించింది. తిరిగి చూస్తే, ఆపా ఏమీ ఎరగనట్టు కిటికీ గొళ్లెం పరీక్షిస్తోంది.

"రేపు పొద్దుగాల బిగించి ఇస్త బేటా. అర్ధగంట పని."

జోసెఫ్ పిల్లను సత్యమ్మకు అందించి, ఆపా పక్కకు వచ్చి నిలబడ్డాడు.

"వద్దాపా. అత్తమ్మ వీళ్లను లింగాలకు తోల్కపోతది. మళ్ల ఇంటికొచ్చేసరికి నెల దాటుతది. అందాక నేనొక్కన్నే. జర నిమ్మలంగనే చెయ్యి."

ఆపా అతన్ని ఎగాదిగా చూసింది. గొళ్లెం వదిలేసి, నెల రోజులకు వేళ్లు మడిచి లెక్కేసింది.

"గట్లయితే గేర్లు గూడ విప్పాల్సొస్తది" అంది.