పొద్దు గూకని ఊళ్ళో మా అత్త

అత్త పోయిందని మొన్న కడప నుంచి ఆమె కూతురు ఫోన్ చేసి చెప్పింది. పొద్దున కాఫీ తాగి, అలా గోడకు ఆనుకుని కూర్చుని వెళ్ళిపోయిందట.

ఆమె నాకు బంధువేమీ కాదు. తొంభైల్లో మస్కట్‌లో, అల్ ఖువైర్‌లో పక్కపక్క ఇళ్ళలో పనిచేశాం. పరాయి దేశంలో వరసలు మనమే కలుపుకోవాలి కదా. నేను కొత్తగా వెళ్ళి వంటింట్లో ముక్కు చీదుకుంటూ ఉంటే గోడ అవతలి నుంచి పలకరించింది.

"ఏమ్మే, ఉల్లిగడ్డలా, ఏడుపా?"

ఏడుపేనన్నాను.

"ఏడువు. గిన్నెలు తోముతా ఏడువు, రెండు పనులూ అయితాయి."

అదీ ఆమె ఓదార్పు.

శుక్రవారం మధ్యాహ్నం మాకు సెలవు. మేడ మీద నీళ్ళ ట్యాంకు నీడలో కూర్చోబెట్టి, మాటలతోనే నన్ను టాలిన్ పాతబస్తీ అంతా తిప్పేది. టాలిన్ అంటే ఎస్టోనియా రాజధాని, ఆమె మేడం పుట్టిల్లు; మేడం మొగుడు మస్కట్ మనిషి. ఒక ఎండాకాలం పసిబిడ్డను చూసుకోవడానికి అత్తను కూడా అక్కడికి తీసుకెళ్ళారు. "కింద చూసి నడువే, అన్నీ గుండ్రాళ్ళు, చెప్పులు జారతాయి" అనేది. "మన సిద్ధవటం కోట మాదిరే ఉంటాది. కాకపోతే ఆడ కోటలో మనుషులు ఇంకా కాపురముండారు, కిటికీల్లో పూలకుండీలు పెట్టుకోని." బురుజుల మీద కోసుగా ఎర్రటి టోపీలు, మనిషి పట్టేంత సందులు, గోడ కంతలోంచి సముద్రం. చుట్టూ మస్కట్ ఎండ మాడ్చేస్తుంటే నా అరికాళ్ళకు ఆ రాళ్ళ చల్లదనం తగిలేది. నిజంగా తగిలేది, నమ్మండి.

అక్కడే ఆమె కొంప మునగబోయింది. సెలవు రోజున మా ఇళ్ళలో ఒకటే కట్టుబాటు. మగ్రిబ్, అంటే పొద్దుగూకే వేళ నమాజు పిలుపు, వినిపించేలోగా గేటు లోపల ఉండాలి. వాచీతో పనే లేదు. టాలిన్‌లోనూ ఒకరోజు సెలవిచ్చి, మేడం అలవాటు చొప్పున "మగ్రిబ్‌కి వచ్చెయ్" అంది. ఎండాకాలంలో ఆ దేశంలో రాత్రి పదయినా పొద్దు గూకదు. అత్త సందు సందూ తిరుగుతూనే ఉంది. ఇంట్లోనేమో పారిపోయిందనుకున్నారు. సారు పోలీసులను పిలిచాడు. ఆమె పాస్‌పోర్టు బల్ల మీద పెట్టి, దొరికితే రేపే ఇండియా విమానం ఎక్కించేస్తానన్నాడు. ఊళ్ళో ఇద్దరు పిల్లల చదువు ఆమె జీతం మీదే నడుస్తోంది.

అత్త గుమ్మంలోకి వచ్చి, పోలీసులను చూసి, ఆకాశం వైపు చెయ్యి చూపించిందట. "మేడం, మగ్రిబ్ నో కమింగ్."

మేడం బయటికి వచ్చి చూసింది. చర్చి గోపురం కొన మీద ఎండ ఇంకా ఉంది. మెట్టు మీద కూలబడి నవ్వుతూనే ఏడ్చి, తప్పు తనదేనని మొగుడికి చెప్పింది. అలా అత్త ఉద్యోగం నిలబడింది. ఆ తర్వాత మాలో ఎవరు ఆలస్యంగా వచ్చినా "మగ్రిబ్ నో కమింగా?" అని ఏడిపించుకునేవాళ్ళం.

పోయిన ఏడాది కడప వెళ్ళి ఆమెను చూశాను. చూపు మందగించింది కానీ మాట గట్టిదే. మళ్ళీ ఆ ఊరు తిప్పమన్నాను. తిప్పుతూ తిప్పుతూ కొండ మీది గోడ దగ్గరికి వచ్చి ఆగింది.

"నీకొకటి చెప్తా, ఎవురికీ చెప్పొద్దు. కింద బజార్లో పెద్ద గడియారముండాది. తొమ్మిది కొట్టింది, విన్నా. పది కొట్టింది, అదీ విన్నా."

"మరి రాలేదేం అత్తా? పంపించేసుంటే?"

"ఆ భయం కడుపులో ఉండనే ఉండాది. అయినా లేసేకి మనసు రాల్యా. పుట్టి బుద్ధెరిగినాక నన్నెవురూ పిలవని సాయంత్రం అదొగటే."

ఇప్పుడు ఇది మీకు చెప్పినందుకు తిట్టడానికి ఆమె లేదు. ఆ మాటకు నాకు ఎంత సంతోషమైందో, అంత ఏడుపూ వచ్చింది. మొన్నటి నుంచీ ఆమె నాకు అక్కడే కనిపిస్తోంది. ఎర్రటి పెంకుటిళ్ళకు పైన, రాతిగోడ మీద, చెప్పులు విడిచి కాళ్ళు వేలాడేసుకుని కూర్చుంది. కింద గడియారం కొడుతోంది. అత్త లేవడం లేదు.