అన్న ఫోనుకు కనబడని టీవీ

మా ఇల్లు కల్లూరులో. ముందు గది అన్నావదినలది, వెనక రెండు గదులు మావి, మధ్యలో హాలు అందరిదీ. నాపరాళ్ళతో కట్టిన గోడలు, మూరెడు మందం ఉంటాయి. ఎండాకాలంలో లోపల చల్లగానే ఉంటుంది గానీ, సిగ్నల్ అనేది మాత్రం గడప దాటి రావడానికి బతిమాలించుకుంటుంది.

ఫైబర్ నెట్ పెట్టడానికి వచ్చిన కంపెనీ మనిషి వీధి స్తంభం నుంచి తీగ లాక్కొచ్చి, దగ్గరగా ఉందని ముందు గది గోడకే వైఫై డబ్బా బిగించాడు. "వెనక గదుల్లోకి వస్తాదేమప్పా?" అని అడిగితే "రాకేం సార్, బాగా వస్తాది" అని చెప్పి బండెక్కి వెళ్ళిపోయాడు. సిగ్నల్ హాలు దాకా కుంటుకుంటూ వచ్చేది. మా గదుల్లోకి వచ్చేదే కాదు.

అన్న బోరు మోటార్లకు వైండింగ్ చేసేవాడు. ముప్పై ఏళ్ళు రాగితీగ చుట్టిన చేతులు. షుగరు కళ్ళ మీద పడేసరికి షాపు మూసేశాడు. ఎడమ కన్ను అప్పటికే పోయింది. కుడి కంటికి నెలకో సూది వేయించడానికి కర్నూలు ఆసుపత్రికి నేనే తీసుకుపోయేవాణ్ణి. డాక్టరమ్మ ఏదీ దాచలేదు. "ఈ చూపు ఏడాది నిలిస్తే గొప్ప. చూడాలనుకున్నవాళ్ళను ఇప్పుడే చూసుకోండి" అంది.

అన్న చూడాలనుకున్నది ఒక్క మనవరాలినే. ఆయనకు ఒకే కూతురు, కాపురం రాయచోటిలో. పాప పుట్టి అప్పటికి నాలుగు నెలలు. అంత చిన్నపిల్లను వేసుకుని అంత దూరం ఊరికూరికే రాలేక కూతురు రోజూ ఒక వీడియో పంపేది. ఫోనులో అన్నకు పాప మొహం మసగ్గా తప్ప కనబడేది కాదు. అందుకని ఫోనులో వచ్చింది టీవీలో పెట్టుకోవడం నేనే నేర్పించాను. "ఈ గుర్తు మీద నొక్కు. కింద మన టీవీ పేరు వస్తాది. దాని మీద నొక్కు, అంతే." పసిపిల్లాడికి చెప్పినట్టు పది సార్లు చెప్పాను. నేర్చుకున్నాడు. సాయంత్రం టీ తాగగానే కుర్చీని టీవీకి ఆనించినంత దగ్గరగా లాక్కుని, తెరంతా నిండిన మనవరాలిని చూసుకునేవాడు. సిగ్నల్ చాలక బొమ్మ మధ్యలో ఆగిపోయేది. ఆయనకు అదీ సంతోషమే, ఆగిన మొహాన్ని తీరిగ్గా చూడొచ్చని.

ఓపిక లేనివాణ్ణి నేను. జూనియర్ కాలేజీలో లెక్కలు చెబుతాను, సాయంత్రాలు ఇంట్లోంచి ఆన్‌లైన్ క్లాసులు. ఒకరోజు క్లాసు మధ్యలో మూడుసార్లు నెట్ పోయేసరికి చిర్రెత్తుకొచ్చి, బజారుకు పోయి సొంత రౌటరు కొనుక్కొచ్చాను. కంపెనీ డబ్బాలోంచి ఒక తీగ లాగి, హాల్లో టీవీ వెనక దాన్ని పెట్టాను. ఎవరినీ పిలవకుండా నేనే చేసుకున్నానని గర్వం కూడా. దానికి నా పేరే పెట్టుకున్నాను, పాస్‌వర్డు పెట్టాను. మా ఫోన్లన్నీ దాని మీదికి మార్చాను. బొమ్మ ఆగకుండా వస్తుంది కదా అని టీవీని కూడా మార్చాను. అన్నావదినల ఫోన్లు మాత్రం మార్చలేదు. డబ్బా వాళ్ళ నెత్తి మీదే ఉంది, వాళ్ళకేం లోటు అనుకున్నాను.

ఒక రౌటరు వెనక ఇంకో రౌటరు అలా పెడితే, ఇంట్లో నెట్ రెండుగా చీలిపోతుంది. ముందుదాని మీద ఉన్న ఫోనుకు వెనకదాని మీద ఉన్న టీవీ కనబడదు. ఈ సంగతి నాకు తెలియనిదేమీ కాదు. అన్న సాయంత్రం టీ తాగి ఏం చేస్తాడో ఆ పూట నాకు గుర్తు రాలేదు, అంతే.

ఇంకో మాట చెప్పాలి. ఆ ముందు ఏడాదే మాకు వేరు పొయ్యి అయింది. గొడవేం జరగలేదు. వదినకు మోకాళ్ళ నొప్పులు, మా పిల్లల కాలేజీ టైములు ఒకదారి, అన్న మందుల టైములు ఇంకోదారి. వెనక గదిలో నా భార్య గ్యాసు పొయ్యి పెట్టుకుంది. "మంచిదేలేప్పా" అన్నాడు అన్న. మంచిదే అన్నాడు కదా అని నేను ఊరుకున్నాను.

రౌటరు పెట్టిన తర్వాత నా క్లాసులు హాయిగా సాగాయి. అన్న హాల్లో కూర్చోవడం మానేశాడని గమనించడానికే నాకు చాలా రోజులు పట్టింది. ఒక ఆదివారం ముందు గదిలోకి పోతే, మంచం మీద కూర్చుని, షాపులో తీగ మందం చూసుకునే భూతద్దాన్ని ఫోను మీద పెట్టి, కన్ను దానికి ఆనించి చూస్తున్నాడు. నాకు ఒళ్ళు మండింది.

"ఉన్న ఒక్క కన్నూ పాడు చేసుకుంటాండావు. అంత పెద్ద టీవీ ఉండాది కదా, దాంట్లో పెట్టుకోరాదా?" అని అరిచాను.

అన్న తలెత్తి నా వైపు చూశాడు. "ఉండనీలేప్పా, నాకు ఇది చాలు" అన్నాడు.

వయసుతో పాటు మొండితనం పెరుగుతోందని నా భార్యతో చెప్పి విసుక్కున్నాను. ఆ తర్వాత కూడా నెల నెలా ఇద్దరం షేర్ ఆటోలో మోకాళ్ళు తగిలేలా కూర్చుని ఆసుపత్రికి పోయాం, వచ్చాం. ఎండ గురించి, తుంగభద్రలో నీళ్ళ గురించి మాట్లాడాడు. టీవీ మాట ఎత్తలేదు.

డాక్టరమ్మ చెప్పిన ఏడాది కూడా రాలేదు. తొమ్మిది నెలలకే కుడి కన్నూ పోయింది.

అది తెలిసి కూతురు పాపను వేసుకుని వచ్చింది. పాప అప్పటికి ఇల్లంతా తిరిగేస్తోంది. అన్నం తినాలంటే పాటలు కావాలని పేచీ పెడితే, అమ్మాయి టీవీలో పెడదామని చూసింది.

"చిన్నాయనా, టీవీ నా ఫోన్లో కనపడ్డం ల్యా" అంది.

"నువ్వు మీ నాయన గది నెట్ మీద ఉండావు. దాంట్లో రాదు. నాది పెట్టుకో" అని పాస్‌వర్డు చెప్పాను. టీవీలో పాటలు వచ్చాయి.

గడప దగ్గర చాటలో బియ్యం ఏరుతున్న వదిన చెయ్యి ఆగిపోయింది. "అంతేనా?" అంది.

"ఏందొదినా?"

"మీయన్న ఎన్ని దినాలు నొక్కినాడో ఆ గుర్తు. టీవీ పేరే రాల్యా. ఫోన్లో నెట్ పేర్ల కాడ నీ పేరుతో కొత్తది ఒకటి వచ్చె, దాని పక్కన తాళం బొమ్మ ఉండె. 'తమ్ముడు పొయ్యి వేరు చేసె, ఇప్పుడు టీవీకి తాళం ఏసె, నేను పోయి అడిగి లేదనిపించుకోవల్నా' అనె. నిన్ను అడగొద్దని నాతో గూడా ఒట్టేయించుకున్నాడు. టీవీలో పెట్టుకోరాదా అని నువ్వు అరిస్తివి చూడు, ఆ పొద్దు అన్నం తినల్యా. ఎగతాళి చేస్తాండావనుకున్నాడు."

మొదట నాకు కోపమే వచ్చింది. నేనంత పని చేస్తానని అన్న ఎలా అనుకున్నాడు? కాసేపటికి ఆ కోపం నిలవలేదు. అనుకునేలా చేసింది నేనే. ఆయన హాల్లోకి రావడం మానేస్తే ఎందుకని ఒక్కసారి కూడా అడగలేదు నేను. పెరట్లోకి పోయి ఏడ్చాను.

తర్వాత వచ్చి, నా రౌటరు తీగను ఒక రంధ్రంలోంచి తీసి పక్కదాంట్లో పెట్టాను. లోపల ఒక ఆప్షన్ మార్చాను. ఇల్లంతా ఒకే నెట్ అయింది. పది నిమిషాల పని.

అన్నను చెయ్యి పట్టుకుని హాల్లోకి తీసుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టాను. "నేను తాళం వేయలేదన్నా" అన్నాను.

"మీ వదిన చెప్పిందిలేప్పా. నేనన్నా ఒక మాట అడిగింటే పోయుండె" అన్నాడు. టీవీ ఉన్న వైపు తల తిప్పి, "అవన్నీ ఫోన్లో అట్లే ఉండాయి. పెట్టు ఒకసారి. నువ్వు చూసి చెప్పు" అన్నాడు.

ఆయన ఫోనులోంచే తొమ్మిది నెలల వీడియోలు ఒకదాని తర్వాత ఒకటి పెట్టాను. బోర్లా పడింది అన్నాను. కూర్చుంది అన్నాను. గోడ పట్టుకుని నిలబడింది, వదిలేసింది, నడుస్తోంది అన్నాను.

"ఎన్ని అడుగులు?"

"నాలుగు. పడింది. మళ్ళీ లేస్తాండాది."

అన్న నవ్వాడు. "నేను చూసినప్పుడు శానా చిన్నది. పోలిక ఏం తెలియల్యా. ఇప్పుడు ఎవరి పోలిక వచ్చిందప్పా?"

తెర నిండా పాప మొహం ఉంది.

"నీ పోలికేనన్నా. నుదురు, ముక్కు అన్నీ నీవే" అన్నాను.

అన్న చెయ్యెత్తి తన నుదురు, ముక్కు మెల్లగా తడిమి చూసుకున్నాడు.