ఎదురుగా వస్తే కుడికి

ఆదివారం ఉదయం ఏడుంబావుకు, తనకల్లు చేల మీదుగా ఎగురుతుండగా, మాకు ఎదురుగా ఒక తెల్లని చుక్క కనబడింది.

చిన్న విమానం నడుపుతున్నది మా తమ్ముడు, పక్క సీట్లో నేను. చిన్నప్పటి నుంచి వాడు కోరింది అదొక్కటే. "చేను ఎవడు దున్నాల?" అని మా నాయన ఆపాడు. నాయన పోయాక, యాభై దాటిన వయసులో, ప్రైవేటు పైలట్ లైసెన్సు తెచ్చుకున్నాడు. నేను రిటైరైన లెక్కల టీచరును. పరీక్షకు వాణ్ణి చదివించింది నేనే. ఆదివారం పొద్దున శనక్కాయలు ఒలుస్తూ ప్రశ్నలు అడిగేదాన్ని.

"రెండు విమానాల దారులు అడ్డంగా కలిస్తే?"

"కుడిపక్కనుంచి వచ్చేవానికి దారి ఇడవాల."

"ఎదురెదురుగా వస్తే?"

"ఇద్దరూ కుడికే తిప్పుకోవాల. ఎన్నిసార్లు అడుగుతావక్కా? నీ బెత్తం ఇంగా దించలేదా?"

"నువ్వు పాసైనాక దించుతాలేరా."

పాసయ్యాడు; నేను మాత్రం ఆదివారం ప్రశ్నలు ఆపలేదు. కానీ మీసాలు రాకముందు నుంచి వాడు ట్రాక్టరు నడిపినవాడు. మా మట్టిదారుల్లో ఎదురుగా లోడు బండి వస్తే, ఖాళీ బండివాడు ఎడమకు, చేలోకి దింపుకోవాలి. పంట లేని చేలే ఎక్కువ కాబట్టి ఎవరూ ఏమీ అనరు.

చుక్కకు రెక్కలు కనబడ్డాయి. తమ్ముడు ఎడమకు తిప్పాడు. ఎదుటి పైలట్ నియమం ప్రకారం తన కుడికి తిప్పాడు. అంటే ఇద్దరమూ ఒకే పక్కకు.

"కుడికిరా," అన్నాను. క్లాసులో అన్నట్టే అన్నాను.

ఎదుటి విమానం ఒక్కసారిగా కిందికి దిగి, మా చక్రాల కింద నుంచి వెళ్ళిపోయింది. దాని రెక్క మీది అక్షరాలు చదవగలిగాను.

నేల మీదికి వచ్చాక తమ్ముడు ఇంజను ఆపి అలాగే కూర్చున్నాడు. నాకు ఏడుపు రాలేదు. ఇడ్లీ డబ్బా తీసి ఇచ్చాను. తిన్నాడు.

"చేలోకి దింపినానక్కా," అన్నాడు.

"ఆడ చేను యాడుండాదిరా?"

"అదే."

జరిగింది జరిగినట్టు విమానయాన అధికారులకు తనే రాసిచ్చాడు. మళ్ళీ కొన్నాళ్ళు శిక్షణ తీసుకుంటే ఎగరవచ్చు అన్నారు. వెళ్ళలేదు. "తల నేర్చుకుంటాది. చెయ్యి నేర్చుకోదు," అన్నాడు. ఇప్పుడు ఆ చేతిని దేనికీ నమ్మడు; ట్రాక్టరు తాళం కూడా జీతానికి పెట్టుకున్న డ్రైవరు దగ్గరే ఉంటుంది.

మనుషులెవరూ పోలేదు. రెండు విమానాల్లో దేనికీ గీత పడలేదు. పోయినవి తమ్ముడి విమానం, తమ్ముడి ట్రాక్టరు, ఆదివారం పొద్దున నేను అడిగే ప్రశ్నలు. మొత్తం మూడు.