నా ఓటుకు నేనే అడ్డం

ఒకడి ఓటు ఆపాలంటే మామూలుగా రౌడీలు కావాలి, బెదిరింపులు కావాలి. నాకు అవేవీ అక్కర్లేకపోయింది. ఆ పని నేనే, సొంత ఖర్చుతో, సొంత వేలితో చేసుకున్నాను. ఇంతటి తెలివిమాలినవాణ్ని మీరు చూసి ఉండరు. నా తెలివికి మా మేనత్త కొంప మునగబోయింది. వినండి.

అప్పట్లో నేను విరుదునగర్‌లో ఒక మిరపకాయల మండీలో గుమాస్తాను. పైగా పేపరు చదివే గుమాస్తాను, అదో జబ్బు. అమెరికాలో బోలెడు మంది ఓటు వేయడానికే కదలరని, కదిలేవాళ్లలో చాలామంది తాతల నాటి పార్టీకే కళ్లు మూసుకుని వేస్తారని అందులో చదివాను. అంత పెద్ద దేశమే బద్ధకిస్తుంటే నేను ఎండలో నిలబడటం దేనికని నా వాదం. బద్ధకానికి అంతర్జాతీయ ఆధారం దొరికితే ఎవడు వదులుకుంటాడు?

ఇంతలో మునిసిపల్ ఎన్నికలొచ్చాయి. ఓటున్నవాళ్లకి మండీ ముదలాళి, అంటే మా యజమాని, సెలవిచ్చాడు గానీ, తిరిగొచ్చాక వేలి మీద మై చూపించాలన్నాడు. మై అంటే సిరా. నాకు సెలవు కావాలి, ఓటు వద్దు. మిరప మూటల మీద మార్కు వేసే నల్ల మై డబ్బా నా బల్ల పక్కనే ఉండేది. అగ్గిపుల్ల ముంచి ఎడమ చూపుడువేలి మీద ఓ గీత గీసుకున్నాను. సర్కారు కూడా అంత నీటుగా గీయలేదు. పోలింగు రోజు తొలి బస్సెక్కి మా ఊరు కోవిల్‌పట్టి చేరాను. మ్యాట్నీ చూసి పడుకోవాలని పథకం.

మా ఇంటి రాజకీయం కూడా చెప్పాలి. మా వార్డు ఆడవాళ్లకి కేటాయిస్తే, మా మేనత్త రంగమ్మ వీధికి నీళ్లు తెస్తానని ఏ పార్టీ లేకుండా కుట్టుమిషను గుర్తు మీద నిలబడింది. నాయన ఆమెకు సొంత అన్న. అయితే మీసం మొలిచినప్పటి నుంచీ ఆయనది ఒకే పార్టీ. ఆ పార్టీ వేరొకామెను నిలబెడితే, చెల్లెలికి ఎదురుగా బూత్ ఏజెంటుగా కూర్చున్నాడు. ఇవన్నీ తెలిసి కూడా, అత్త ఎలాగూ గెలుస్తుందిలే అనుకున్నాను.

బస్సు దిగి అత్త ఇంట్లో కాఫీ తాగుతుంటే ఆమె కళ్లు నా వేలి మీద పడ్డాయి.

“ఓటు ఏసేసినావా?”

“వేసేశాను అత్తా. మన బడి బూత్‌లోనే. నీకే.”

“బడి తలుపు ఇంకా తెరవనే లేదేరా.”

కాఫీ గ్లాసు కింద పెట్టాను. ఉన్నదంతా చెప్పేశాను. అత్త తిట్టలేదు, అదే భయం. “గెలిచేది ఓడేది ఒకటో రెండో ఓట్లలో ఉండాది కొడకా. పోయి ఆ ఏలు కడుక్కోని రా,” అంది.

చింతపండు పెట్టి తోమాను. కిరసనాయిలు పోశాను. ఇటుక పొడితో రుద్దాను. తోలు ఊడింది, మై ఊడలేదు. లారీ మీద వానలో తడిసినా చెరగకూడదని చేసిన సరుకు కదా! ఆ వేలితోనే పోయి క్యూలో నిలబడ్డాను.

లోపల నాయన తెల్లచొక్కాలో వెలిగిపోతున్నాడు. నన్ను చూసి ఆఫీసరుతో అరవంలో చెప్పాడు, ఈ మనిషి వేలు చూడండి అని.

“నాయనా, నేను నీ కొడుకుని,” అన్నాను తెలుగులో, మెల్లగా.

“అది ఇంట్లో రా. ఈడ నేను ఏజెంటు.”

అది మిరప మూటల మై అని ఆఫీసరుకు ఎంత చెప్పినా వినలేదు. నువ్వేం మూటవా అన్నాడు. వేరే ఊళ్లో వేసి ఇక్కడికి వచ్చావా అని కూడా అనుమానించాడు. క్యూ మొత్తం పగలబడి నవ్వుతుండగా బయటికి నడిచాను. మ్యాట్నీకి పోలేదు. లెక్కింపు రోజు వరకూ అత్త ముఖం చూడలేక తిరిగాను. ఓడిపోయి ఉంటే ఈపాటికి నేను మిరపకాయలతో పాటు ఏ దూరదేశానికో ఎగుమతి అయ్యేవాణ్ని.

అత్త గెలిచింది. బొటాబొటిగానే, కానీ గెలిచింది. మూట దించుకున్న కూలీలా తేలికయ్యాను. ఇకపై నా వేలికి సర్కారు తప్ప మరెవ్వరూ మై పూయరాదని, పూసేది నేనైనా సరే ఒప్పుకోరాదని అక్కడికక్కడే ప్రతిజ్ఞ చేశాను.

ఊరేగింపు మా ఇంటి ముందుకొచ్చింది. నాయన పార్టీ మిత్రులతో అరుగు మీద కూర్చుని ఉన్నాడు. నేను మైకు అందుకుని, బూత్‌లో నా పరువు తీసిన బాకీ తీరేలా ఓ అబద్ధం అల్లి, పార్టీని పక్కనపెట్టి సొంత చెల్లెలికే ఓటు వేసిన మా నాయనకు వీధి తరఫున నమస్కారాలని ప్రకటించాను. అత్త దండ తెచ్చి ఆయన మెడలో వేసింది. వేయలేదంటే చెల్లెలి ముందు పరువు పోతుంది, వేశానంటే మిత్రుల ముందు పోతుంది. ఆయన దండ సర్దుకున్నాడు. మిత్రులు ఒక్కొక్కరే చెప్పులు తొడుక్కున్నారు.

అందరూ వెళ్లిపోయాక నన్ను లోపలికి పిలిచి, గొంతు తగ్గించి అడిగాడు.

“నేను ఆమెకే ఏసినానని నీకెవుర్రా చెప్పింది?”