జిన్నింగ్ మిల్లులో చెరిగిపోయిన వీడియో

మూడేళ్ల క్రితం పత్తి సీజన్ ముమ్మరంగా ఉన్నప్పుడు, చిలకలూరిపేట దగ్గర హైవే పక్కనున్న పత్తిలోంచి గింజ తీసే ఒక జిన్నింగ్ మిల్లు నుంచి నాకు ఫోనొచ్చింది. గుంటూరులో ఉంటూ చుట్టుపక్కల మిల్లులకు, ఆఫీసులకు సర్వర్లు చూసిపెట్టడం నా పని.

ఆ మిల్లులో పనిచేసే మరియమ్మ చెయ్యి రోలర్ల మధ్య పడి రెండు వేళ్లు పోయాయి. రోలర్ల మీద ఉండాల్సిన కవరు ఆ రోజు లేదని ఆమె అంటోంది. కవరు ఉందని, ఆమే కునికిపాట్లు పడుతూ చెయ్యి పెట్టిందని సూపర్‌వైజరు చెబుతున్నాడు. కెమెరా వీడియో చూస్తే తేలిపోయేది. అదే కనిపించడం లేదు.

నేను వెళ్లేసరికి అక్కడ కంప్యూటర్లు చూసే శ్రీనివాస్ గుమ్మంలోనే ఎదురొచ్చాడు. "కొత్త కెమెరాలకు చోటు చాల్లేదండి. పాత వాల్యూమ్ ఒకటి తీసేశాను. తీయాల్సింది అది కాదు, దాని పక్కది. ఆ రోజు వీడియో నేను తీసేసినదాంట్లోనే ఉంది."

డిస్కులన్నిటినీ ఒక్కటిగా కలిపి, అందులోంచి కావలసినంత చోటు విడదీసి వాడుకుంటాం. అలా విడదీసిన భాగమే లాజికల్ వాల్యూమ్. దాన్ని తీసేయమంటే, సిస్టమ్ దాని పేరు చూపించి నిజంగా తీసేయాలా అని అడుగుతుంది. ఫోర్స్ ఆప్షన్ పెడితే అడగదు.

"ఫోర్స్ పెట్టావా?"

"ఎప్పుడూ అలాగే కొడతానండి. ప్రతిసారీ అడుగుతుంటే విసుగేసి."

తీసేసిన వాల్యూమ్‌ను వెనక్కి తెచ్చే దారి ఒకటుంది. ఏ వాల్యూమ్ డిస్కులో ఎక్కడుండేదో ఆ వివరాల నకలు సిస్టమ్ దాచుకుంటుంది. కానీ ఆ చోట కొత్తగా ఏమీ రాసి ఉండకూడదు. ఇక్కడ కొత్త కెమెరాలు అప్పటికే దానిమీద రికార్డు చేస్తున్నాయి. వాటిని ఆపించి, డిస్కులకు కాపీ తీసి, ఆ కాపీ మీదే వెతికాను. లారీల్లోంచి సరుకు దించే వాకిలి వీడియో దొరికింది. పత్తిని నొక్కి బేళ్లు కట్టే షెడ్డుది దొరికింది. రోలర్ల షెడ్డుది దొరకలేదు.

మరియమ్మ చేతికి కట్టుతోనే వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది.

"నాది దొరికిందా అయ్యా?"

"లేదమ్మా. దానిమీద వేరేది ఎక్కిపోయింది."

"నేను నిద్రపోలేదని అందులో ఉంది కదయ్యా."

"ఉండేదేమో అమ్మా."

"ఉండేదేమో కాదయ్యా. ఉంది."



విచారణలో సూపర్‌వైజరు మాటే నిలిచింది. పొరపాటున తీసేశానని శ్రీనివాస్ ఒప్పుకున్నా ఎవరూ నమ్మలేదు. యజమానులే చెరిపించారని మిల్లంతా అనుకున్నారు. అతను మరో సీజన్ దాకా ఉండలేక మానేశాడు. మరియమ్మ మిరపకాయల కోతకు పోతోందని తర్వాత తెలిసింది.

ఇప్పుడు నేను ఏ వాల్యూమ్‌నూ వెంటనే తీసేయను. పేరు మార్చి, వాడకంలోంచి తప్పించి, కొన్ని వారాలు అలాగే ఉంచుతాను. మామూలుగా చెబితే సిస్టమ్ తీయనని మొరాయించి, ఫోర్స్ పెట్టక తప్పని సందర్భాలు వస్తాయి. సిస్టమ్ ఎందుకు ఒప్పుకోవడం లేదో పూర్తిగా అర్థమయ్యాకే పెడతాను. అంతకుముందు ఆఫీసు గదిలోంచి లేచి షెడ్డులోకి వెళ్లి, తీసేయబోయేదాంట్లో మీకు కావలసిందేమైనా ఉందా అని అక్కడ పనిచేసేవాళ్లను అడుగుతాను.